ఇద్దరికి ఒక్క కార్డు

గురువారం సాయంత్రం ప్రార్థనకు మోకరించడానికి సుందరమ్మకు మూడు నిమిషాలు పట్టింది. ముందు కుర్చీ చెయ్యి పట్టుకుంది, తర్వాత దివాన్ అంచు పట్టుకుంది, చివరికి ఎలాగో చాప మీదికి దిగి కళ్ళు మూసుకుంది. ఎదురుగా ఆమె తమ్ముడు జక్కయ్య అప్పటికే మోకరించి ఉన్నాడు. అక్క మొహం చూడాల్సి వస్తుందని అతను గోడ మీది క్యాలెండరు వైపు మొహం తిప్పుకున్నాడు.

అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు బందై అది నాలుగో రోజు.

ఉండేది ఒకే ఇంట్లో. మచ్చ బొల్లారంలో చిన్న మేడ. కింద సుందరమ్మ, ఆమె కొడుకు జాన్సన్, కోడలు హన్నా. పైన ఒంటి గదిలో జక్కయ్య. హన్నా ఆయన కూతురే, అంటే సుందరమ్మకు కోడలు కాకముందు మేనకోడలు. కూతురింట్లో ఉంటున్నావా అని ఎవరైనా అడిగితే జక్కయ్యకు ఎక్కడలేని కోపం వస్తుంది. "నేనుండేది మా అక్క ఇంట్ల" అంటాడు. ఈ నాలుగు రోజులుగా ఆ మాట కూడా అనడం మానేశాడు.

మాటలు మానేసినంత మాత్రాన పోట్లాట మానాలని ఎక్కడుంది? దానికి సాయంత్రం ప్రార్థన ఉండనే ఉంది.

"ప్రేమగల తండ్రీ," అని సుందరమ్మ మొదలుపెట్టింది. "ఈ దినమంత మమ్మల్ని కాపాడినవు, నీకు స్తోత్రం. నీ బిడ్డ జక్కయ్యను జ్ఞాపకం చేసుకో తండ్రీ. వాని పొట్టల పేగు జారిన సంగతి నీకెరుకే. డాక్టరు ఆపరేషన్ జెయ్యాలె అన్నడు. వీడు వినడు. పొద్దుగాల నీళ్ళ ట్యాంకు మీదికెక్కిండు. నువ్వు సూసినవు, నేను గూడ సూసిన. హన్నా కార్డుల వాని పేరే రావాలె తండ్రీ."

"ఆమెన్," అన్నాడు జాన్సన్ తొందరగా, అక్కడితో అయిపోతుందేమోనన్న ఆశతో.

కాలేదు. జక్కయ్య గొంతు సవరించుకున్నాడు.

"మహోన్నతుడవైన దేవా, మా అక్క సుందరమ్మ నీ దాసురాలు. ఆమె మోకాళ్ళు రెండు అరిగిపోయినయి. మొన్న ఆదివారం చర్చి మెట్లు నాలుగెక్కనీకి నాలుగుసార్లు ఆగింది. చేతికర్ర తీస్కపోయి ఫ్రిజ్ ఎనక దాసిపెట్టి, నాకేం గాలె అంటది. అబద్ధమాడొద్దని మాకు నేర్పిందే ఆమె ప్రభువా. ఆమెను క్షమించు. కార్డుల ఆమె పేరే రావాలె."

హన్నా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రార్థనలో నవ్వితే అత్తమ్మ ఊరుకోదు. అయినా ఆ ఇద్దరినీ అలా చూస్తుంటే నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తున్నాయి.

హన్నా పనిచేసేది సికింద్రాబాదులో, ఒక ఆరోగ్య బీమా కంపెనీలో. జనం పంపిన ఆసుపత్రి కాగితాలు చదివి, ఇది వస్తుంది, ఇది రాదు అని తేల్చే విభాగం ఆమెది. తొమ్మిదేళ్ళ సర్వీసు. కాలనీలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఫైలు పట్టుకుని ముందు ఈ ఇంటికే వస్తారు. బీమా కంపెనీలోనే ఉద్యోగం, ఇంక మీకేం తక్కువ అని పోతూ పోతూ అంటారు. ఏం తక్కువో ఆ ఆఫీసులో పనిచేసేవాళ్ళకే తెలుసు. కంపెనీ బయట అమ్మే పాలసీలో అమ్మానాన్నలూ అత్తమామలూ నలుగురూ ఉండొచ్చు. ఆఫీసు గోడకున్న ఆ పాలసీ పోస్టరు మీద నలుగురు ముసలివాళ్ళు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంటారు. సరిగ్గా దాని కింద కూర్చుని పనిచేసే హన్నాకు ఇచ్చిన స్టాఫ్ కార్డులో మొన్నటిదాకా ఆమె, ఆమె భర్త తప్ప ఎవరూ లేరు.

ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా, ఈ సోమవారం కంపెనీవాళ్ళ మనసు కరిగింది. పెద్దవాళ్ళనూ కార్డులో చేరుస్తామన్నారు. ఇంట్లో ఆ మెయిల్ చదివి వినిపించగానే జక్కయ్య మేడ మీంచి దిగొచ్చి కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. సుందరమ్మ పాయసం చేసింది. పాయసం చల్లారేలోపే హన్నా రెండో పేరా చదివింది.

తల్లిదండ్రులు గానీ, అత్తమామలు గానీ, ఏదో ఒక్క జంట. అటొకరినీ ఇటొకరినీ కలపరాదు. పేర్లు శుక్రవారం సాయంత్రం ఆరులోపు ఇవ్వాలి. తర్వాత మార్చాలంటే మళ్ళీ వచ్చే ఏడాదే.

హన్నాకు నాలుగేళ్ళప్పుడే తల్లి పోయింది. జాన్సన్ తండ్రి పోయి పదేళ్ళు. తల్లిదండ్రుల జంట రాస్తే తల్లి గడి ఖాళీ. అత్తమామల జంట రాస్తే మామ గడి ఖాళీ. ఎటు తిరిగినా ఒక గడి ఊరికే ఉంటుంది, ఒక మనిషి బయటే ఉంటాడు. బయట వేరే పాలసీ తీసుకుందామంటే ఆ వయసువాళ్ళ మోకాళ్ళకూ హెర్నియాకూ ఏళ్ళకేళ్ళు ఆగమంటారని హన్నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, రోజూ తనే పదిమందికి చెబుతుంది.

ఆ సాయంత్రమే మొదలైంది గొడవ. వేరే ఇళ్ళలో అయితే నా పేరంటే నా పేరని కొట్టుకుంటారు. ఇక్కడ నాకొద్దంటే నాకొద్దని కొట్టుకున్నారు. చివరికి సుందరమ్మ, వీడు నా మాట వినేదాక వీనితోని మాట్లాడనంది. జక్కయ్య, సరే నేనూ మాట్లాడనన్నాడు. పాయసం ఎవరూ తినలేదు.

మంగళవారం హన్నా పెద్దాఫీసుకు ఉత్తరం రాసింది. ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు, మొత్తం ఇద్దరే కదా, కలిపి ఇవ్వండి అని. ఆ జవాబు కోసమే ఎదురుచూస్తోంది.

శుక్రవారాలు హన్నాకు ఇంటినుంచే పని. పొద్దున పదింటికి ఆ జవాబు వచ్చింది.

"మీ పరిస్థితిని మేము పూర్తిగా అర్థం చేసుకున్నాము. మీ ఇంటివారికి త్వరలో ఆరోగ్యం చేకూరాలని మనసారా కోరుకుంటున్నాము. అయితే నిబంధనలను అనుసరించి మీ కోరికను మన్నించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము."

ఆ వాక్యాలు ఎక్కడో చదివినట్టుంది అనుకుంది హన్నా. మరుక్షణం గుర్తొచ్చింది. చదవడమేమిటి, రాసిందే తను.

మూడేళ్ళ కిందటి మాట. అంతకుముందు కంపెనీ ఉత్తరాల్లో 'తిరస్కరించబడినది' అన్న ఒక్క ముక్కే ఉండేది. ఇంత కర్కశంగా చెబితే ఎట్లా, కొంచెం మెత్తగా చెబుదామని హన్నా కూర్చుని ఈ మూడు వాక్యాలూ రాసింది. పైవాళ్ళకు మస్తు నచ్చింది. అప్పటినుంచీ 'కాదు', 'లేదు' అని పోయే ప్రతి ఉత్తరంలోనూ అవే వాక్యాలు. దానికి బహుమతిగా కంపెనీ పేరున్న గోడ గడియారం కూడా ఇచ్చారు. అది హాల్లో క్యాలెండరు పక్కనే టిక్కుటిక్కుమంటోంది.

ఇన్నాళ్ళూ ఆ మాటలు వినడానికి ఎట్లా ఉంటాయో ఆమెకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. పూర్తిగా అర్థం చేసుకున్నారట. ఒళ్ళు మండిపోయింది. వెనకే సిగ్గేసింది. ఎంతమంది ఇట్లాగే కుర్చీలో కూర్చుని ఈ మూడు వాక్యాలూ చదువుకుని ఉంటారో అనిపించి, లేచి పోయి ఒక గ్లాసు నీళ్ళు తాగింది.

ఎవరి పేరు రాయాలి? మధ్యాహ్నమంతా పని మధ్యలో అదే ఆలోచన. అత్తమ్మ నడవలేదు. రాత్రిపూట బాత్రూముకు పోవాలన్నా గోడ పట్టుకుని పోతుంది. నాయిన నలభై ఏళ్ళు మేడ్చల్‌లో లారీ బాడీలకు వెల్డింగ్ చేసిన మనిషి. జారిన పేగు ఎప్పుడు మెలిపడుతుందో ఎవరూ చెప్పలేరు. కాగితం మీద ఇంకొకరి కేసైతే పది నిమిషాల్లో తేల్చేది. ఇక్కడ నాలుగు రోజులైనా తేలలేదు.

సాయంత్రం నాలుగున్నరకు ఇంక తప్పదని ఫారం తెరవబోయింది. అది తెరుచుకోలేదు. 'మీ వివరాలు నిన్న రాత్రి 7.52కు అందినవి, ధన్యవాదాలు' అని ఉంది. కింద రెండు వరుసలు.

తండ్రి: జక్కయ్య. తల్లి: సుందరమ్మ.

హన్నా మూడుసార్లు చదివింది. మొదట తన్నుకొచ్చింది నవ్వే. ఆ నవ్వు విని వంటింట్లోంచి సుందరమ్మ ఏందే అంది. ఆగలేక చెప్పేసింది. కంపెనీ కాగితం మీద నువ్వూ మా నాయినా ఆలుమగలు అత్తమ్మా, అని.

సుందరమ్మ చేతిలోని గరిట కిందపడింది. "ఛీ ఛీ, నోరు కడుక్కో. తోడబుట్టినోనితోని ఏందే గా రాతలు?"

మేడమెట్ల మీద జక్కయ్య కూడా విన్నాడు. అతని చెవులు తప్ప అన్నీ అరిగిపోయాయని అక్క అంటుంది, ఆ చెవులతోనే విన్నాడు. గబగబా దిగొచ్చి, ఎవడు రాసిండో వాని చేతులిరగ్గొడతానన్నాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి అక్కాతమ్ముళ్ళు ఒక్క మాట మీద నిలబడ్డారు. హన్నా ల్యాప్‌టాప్ తెరిచే తెలివీ, ఛార్జింగులో ఉన్న ఆమె ఫోనుకు వచ్చిన ఓటీపీ చూసి కొట్టే ధైర్యమూ ఆ ఇంట్లో ఇంకొక్కడికే ఉంది.

"బావా, జల్దీ ఇంటికి రా," అని హన్నా ఫోన్ పెట్టేసింది.

జాన్సన్‌కు శామీర్‌పేటలో ఫ్లెక్సీలు ప్రింటు చేసే దుకాణం ఉంది. పుట్టినరోజులకూ పెళ్ళిళ్ళకూ సంతాపాలకూ అతనే బొమ్మలు అతికిస్తాడు. ఎవరేమడిగినా సరే అనడం అతని స్వభావం. అరగంటలో బండి మీద వచ్చి, గుమ్మంలో ముగ్గురి మొహాలూ చూసి, హెల్మెట్ తీయకుండానే నిలబడ్డాడు.

విచారణలో తేలిందేమంటే, బుధవారం జక్కయ్య బస్సెక్కి శామీర్‌పేటకు పోయి అల్లుడి చేతిలో మిర్చిబజ్జీల పొట్లం పెట్టి, మీ అమ్మ పేరే రాయాలని మాట తీసుకున్నాడు. గురువారం ప్రార్థన కాగానే సుందరమ్మ అన్నం కంచం ముందు పెట్టి, మీ మామ పేరే రాయాలని బైబిలు మీద ఒట్టేయించుకుంది. జాన్సన్ ఇద్దరికీ సరేనన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు.

"నా పనిల ఒక్కటే నేర్సుకున్న," అన్నాడు అతను దీనంగా. "లీడర్ బర్త్‌డే ఫ్లెక్సీల ఎవ్వని ఫోటో మిస్సయినా కొట్లాటనే. అందుకని అందర్నీ ఎట్లనో ఒగట్ల సర్దుత. గిది గూడ గట్లనే సర్దిన."

జక్కయ్య నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నాడు. సుందరమ్మ మాత్రం కొడుకును వదల్లేదు. పెద్దవాడివై ఏం లాభం, తల్లికీ మామకీ పెళ్ళి చేసిన మొనగాడివి అంది. జాన్సన్ హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి, హన్నా పక్కన కూర్చున్నాడు. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

"ఒక్క మాట చెప్పు హన్నా. మీ అమ్మ పోయినంక నిన్ను పెంచింది ఎవరు? నీకు జడలేసింది, బడికి తోలింది, జరమొస్తె రాత్రంత కూసున్నది ఎవరు? తల్లి అన్న దగ్గర మా అమ్మ పేరు రాస్తె అది అబద్ధమెట్లయితది? ఉండనీ. ఎవరు సూస్తరు?"

సుందరమ్మ నేల మీద పడ్డ గరిట తీయడానికి వంగబోయి, వంగలేక, అట్లాగే నిలబడిపోయింది.

హన్నాకు ఆ క్షణంలో ఉండనిద్దామనే అనిపించింది. నిజమే కదా. అమ్మ అంటే ఆమెకు గుర్తొచ్చే చేతులు ఈ చేతులే. ఇద్దరి పేర్లూ కార్డులో ఉన్నాయి. నోరు మూసుకుంటే చాలు, వచ్చే నెల అత్తమ్మ మోకాళ్ళూ ఆ పై నెల నాయిన హెర్నియా. మాటలు కూడా మళ్ళీ మొదలవుతాయి.

కానీ సిద్దయ్య గుర్తొచ్చాడు.

మేడ్చల్ అవతల ఒక ఫ్యాక్టరీలో వాచ్‌మన్. రెండేళ్ళ కింద తల్లి అని రాసి ఒకామె ఆపరేషన్ కాగితాలు పంపాడు. ఆధార్ కార్డులు చూసి, ఆమె తల్లి కాదు, చిన్నమ్మ అని పట్టుకున్నది హన్నానే. మూడు వాక్యాల ఉత్తరం పంపింది. అతను ఫోన్ చేశాడు. తిట్టలేదు, ఏడవలేదు. మేడమ్, మా దిక్కు పెంచినామెను అమ్మ అనే అంటరు, గంతే రాసిన అన్నాడు. మీ పరిస్థితి అర్థమైందండీ, కానీ నిబంధనలు అంది హన్నా. అతను సరే మేడమ్ అని పెట్టేశాడు.

"సిద్దయ్యకు వద్దన్నది నాకెట్ల ముద్దయితది బావా?" అంది హన్నా. ఆ పేరెవరిదో జాన్సన్‌కు తెలియదు. చెప్పింది. చెప్పాక ఇంకో మాట కూడా అంది. "పట్టుకుంటె నౌకరి పోతది, అది సరే. పట్టుకోకున్నా నేను రేపు ఇంకొకరి కాగితం మీద తల్లి గాదు, చిన్నమ్మ అని రాసుడెట్ల?"

జాన్సన్ తల దించుకున్నాడు. సుందరమ్మ ముందుకొచ్చి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. తీసెయ్యి బిడ్డా, నా పేరు తీసెయ్యి, కథ ఒడుస్తది అంది. జక్కయ్య గోడ మీది క్యాలెండరుతో, ఎవరి పేరు తియ్యాల్నో ఎవరూ చెప్పాల్సిన పని లేదన్నాడు.

గడియారం ఐదూ ముప్పై ఐదు చూపిస్తోంది. హన్నా ఆఫీసులో సిబ్బంది వ్యవహారాలు చూసే శ్రీదివ్యకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టింది. జరిగింది విని శ్రీదివ్య చాలాసేపు నవ్వింది. మన కంపెనీలో ఇట్లాంటి పెళ్ళి ఇదే మొదటిది అక్కా అంది. నవ్వు అయిపోయాక పనిలోకి దిగింది.

"ఫారం నేనిక్కన్నుంచి తెరుస్త. కని ఎవరి పేరు ఉంచాల్నో ఇప్పుడే చెప్పాలె. తల్లి పేరు ఒక్కటి తీస్తె మీ నాన్న ఉంటరు. అత్తమ్మ కావాల్నంటె రెండు తీసేసి అత్తమామల పేజీ తెరవాలె. ఆరు దాటితే ఇగ నా చేతుల ఏం లేదక్కా."

"ఉండు," అంది హన్నా.

ఆమె నాయిన వైపు చూసింది, అత్తమ్మ వైపు చూసింది. ఇద్దరూ ఒకరినొకరు వేలితో చూపించారు. ఇట్లా కాదని సుందరమ్మ చాప పరిచింది. ప్రార్థన చేసుకుందాం, దేవుడే చెబుతాడంది. శ్రీదివ్య ఫోన్‌లో ఉండగానే నలుగురూ మోకరించారు. సుందరమ్మకు ఈసారి నాలుగు నిమిషాలు పట్టింది.

ఆమె ప్రార్థన చిన్నది. తండ్రీ, నా తమ్ముడు నాకు కావాలె, వాని పేరు ఉండనీ. అంతే. ఆమెన్.

జక్కయ్య కళ్ళు మూసుకున్నాడు. "మహోన్నతుడవైన దేవా," అన్నాడు. ఆగిపోయాడు. గడియారం చప్పుడు ఫోన్‌లో శ్రీదివ్యకు కూడా వినబడి ఉంటుంది. అతను కళ్ళు తెరిచి, దేవుణ్ణి అక్కడే ఉంచి, కూతురి వైపు తిరిగాడు.

"బిడ్డా, ఇగ దేవునికి చెప్పుడు ఒడిసింది, నీకే చెప్త. మీ అమ్మను మట్టి చేసొచ్చిన దినం నిన్ను ఎవల దగ్గర ఉంచాల్నో నాకు సమజ్ గాలె. నేను అడగనన్న అడగలె. అక్క వచ్చింది, నిన్ను ఎత్తుకుంది, నడిచింది. ఆమె ఇంట్ల అప్పటికే ఒక పిల్లగాడున్నడు. ఒక్కనికే జాగుందని అన్నదా? అనలె. ఇన్నేండ్లల్ల నిన్ను నేను ఏమన్న అడిగిన్నా? ఇయ్యాల అడుగుతున్న. అక్క పేరు రాయి."

"వాన్ని నోరు ముయ్యమను బిడ్డా," అంది సుందరమ్మ. కోపంగా లేవబోయింది. మోకాళ్ళు లేవనివ్వలేదు. దివాన్ అంచు అందలేదు. పక్కకు ఒరిగి చాప మీద కూలబడింది.

జక్కయ్య ఒక్క ఉదుటున లేచి అక్క రెక్కలు పట్టి పైకి ఎత్తబోయాడు. సగం ఎత్తాడు. అంతలో అబ్బా అని పొట్ట పట్టుకుని ఆమె పక్కనే కూర్చుండిపోయాడు. ఇద్దరూ దివాన్‌కు వీపులానించి, కాళ్ళు చాపి, రొప్పుతూ ఒకరినొకరు చూసుకున్నారు. నాకేం గాలె అన్నవాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. ముందు సుందరమ్మకు నవ్వొచ్చింది. తర్వాత జక్కయ్యకు. నవ్వితే పొట్ట నొస్తుందని నవ్వొద్దని బతిమాలాడు, ఆమె ఇంకా నవ్వింది. జాన్సన్ ఎవరిని ముందు లేపాలో తెలియక ఇద్దరి మధ్య చేతులు చాపి నిలబడ్డాడు.

"అక్కా, ఉన్నవా?" అంది ఫోన్‌లో శ్రీదివ్య. "ఏమైంది? ఎనిమిది నిమిషాలే ఉంది."

హన్నా కళ్ళు తుడుచుకుంది. నాయిన అడిగాడు. కూతురి పెళ్ళిలో తన బట్టలు కూడా తనే కొనుక్కుంటానన్న మనిషి, ఈ ఇంట్లో పై గదికి తనే రంగు వేసుకున్న మనిషి, మొదటిసారి ఒక కోరిక కోరాడు. దానికి ఆమె దగ్గర మూడు మెత్తటి వాక్యాలున్నాయి, దేశమంతా పోతున్న వాక్యాలు. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"శ్రీదివ్యా, రెండు పేర్లు తియ్యి. అత్తమామల పేజీ తెరువు."

"తెరిచిన. అత్త?"

"సుందరమ్మ."

"మామ?"

ఎదురుగా కాళ్ళు చాపుకుని నాయిన కూర్చుని ఉన్నాడు. చెప్పు బిడ్డా అన్నట్టు తలూపాడు.

"ఎవరు లేరు. ఖాళీగ ఉంచు."

అవతల మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది. వచ్చేసిందక్కా, పక్కా అయ్యింది అంది శ్రీదివ్య. మోకాళ్ళ అమ్మను అడిగానని చెప్పమని ఫోన్ పెట్టేసింది.

ఇందాక మధ్యలో ఆపేసిన ప్రార్థన జక్కయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. తల వంచి, నిండుగా, చర్చిలో చివరి వరుసకు వినబడేటట్టు అన్నాడు.

"ఆమెన్."

జాన్సన్ కూడా అన్నాడు. హన్నా కూడా అంది. సుందరమ్మ అనలేదు. ఆమె తమ్ముణ్ణే చూస్తోంది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి, దేవుడి అడ్డం లేకుండా, నేరుగా అతనితో మాట్లాడింది.

"ఆమెన్ అన్నవు మంచిదే. పొట్ట మీంచి చెయ్యెందుకు తీస్తలేవురా జక్కా?"

జక్కయ్య నవ్వాడు. ఏం లేదక్కా అన్నాడు. చెయ్యి మాత్రం తీయలేదు.